పారిపోయినవాడి తరఫున మన వకాల్తా

సైకిల్‌ని గుద్ది ఆగకుండా పోయిన డ్రైవరు గురించి మనవాళ్లు మొదట అనే మాట ఒకటే: "ఆగితే జనం చంపేస్తారు, పారిపోక ఏం చేస్తాడు?" అనకాపల్లిలోనూ ఇదే మాట, అండమాన్‌లోనూ ఇదే మాట. దెబ్బ తిన్నవాడి బావమరిది కూడా ఇదే అంటాడు. వినడానికి లోకజ్ఞానంలా ఉంటుంది గానీ, దీన్ని నమ్మేవాళ్లు చట్టాన్నీ చూడలేదు, ప్రమాదం జరిగిన చోటునీ చూడలేదు.

1988 నాటి మోటారు వాహనాల చట్టం రాసినవాళ్లకు జనం కోపం గురించి తెలుసు. 134వ సెక్షన్ ప్రకారం గాయపడ్డవాడికి డ్రైవరు వైద్యం అందేలా చూడాలి. జనాగ్రహం వల్ల అది కుదరకపోతే మినహాయింపు ఉంది. కానీ పోలీసులకు సమాచారం ఇవ్వాల్సిన పనికి ఆ మినహాయింపు లేదు. వీలైనంత త్వరగా, ఎంత ఆలస్యమైనా 24 గంటల్లోపు, దగ్గర్లోని స్టేషనులో చెప్పాలి. భయమేస్తే తిన్నగా ఠాణాకే పొమ్మని చట్టమే దారి చూపించింది. ఆ దారి పట్టకుండా ఇంటికెళ్లి బండి మీద టార్పాలిన్ కప్పుకున్నవాడిది భయం అంటే నేను ఒప్పుకోను.

నన్ను గుద్దింది అండమాన్‌లోని బ్రూక్షాబాద్ రోడ్డులో, నవంబరు సాయంత్రం. ఇక్కడ ఆ నెలలో అయిదు గంటలకే పొద్దు గుంకుతుంది. గడియారం మాత్రం ఢిల్లీదే. ఆఫీసులు వదిలే వేళకి చీకటి. వెనక నుంచి తగిలిన బండి క్షణం నెమ్మదించింది, మళ్లీ గేరు మార్చిన చప్పుడు వినిపించింది. కొట్టడానికి అక్కడ జనమేరీ? ఉన్నది నేను, వంకరపోయిన వెనక చక్రం, తారు మీద పగిలిన నారింజరంగు ఇండికేటరు ముక్క. గుద్దడం పొరపాటే కావచ్చు. గేరు మార్చడం మాత్రం నిర్ణయం.

"పేనం దక్కింది కదా నాయనా, ఇక వొగ్గీ. బండి దొరికేదా ఏటి?" అన్నాడు జంగ్లీఘాట్ నుంచి చూడ్డానికొచ్చిన పెద్దాయన. ప్రేమతోనే అన్నాడు. కానీ దొరకకపోవడానికి ఇదేమైనా జాతీయ రహదారి మీద ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి పోయే లారీయా? చుట్టూ సముద్రం. ఉత్తరానికి పోవాలంటే జిర్కటాంగ్ దగ్గర కాన్వాయ్ కోసం ఆగాలి. బంబూఫ్లాట్‌కి దగ్గరదారి చాతం జెట్టీలో ఫెర్రీ ఎక్కడం. చెన్నైకో, విశాఖకో తరలించాలంటే ఓడ కావాలి. పగిలిన ఇండికేటరు మార్చుకోవాలన్నా సామాను చాలామటుకు ఓడ మీదే రావాలి, అమ్మే కొట్లూ వేల సంఖ్యలో ఉండవు. ఆ నారింజ ముక్క పట్టుకుని వాటిని చుట్టి రావడానికి ఒక కానిస్టేబులు, ఒక స్కూటరు చాలు. దీవిలో బండి దొరకలేదంటే వెతకలేదనే నేను అర్థం చేసుకుంటాను.

ఇక రెండో వాదన: "అసలు సైకిల్‌కి మెయిన్ రోడ్డు మీద పనేంటి?" 2018లో స్విట్జర్లాండ్‌లో జూనియర్ ప్రపంచ ట్రాక్ సైక్లింగ్ పోటీల్లో కీరిన్ రజతం గెలిచిన ఈసో అల్బెన్ ఈ దీవుల కుర్రాడే. సైక్లిస్టు డెబోరా హెరాల్డ్ కూడా ఇక్కడి అమ్మాయే. పతకం వచ్చినప్పుడు దండలు, మామూలు రోజుల్లో హారన్లు. సరే, మాకు రోడ్డు తెలియదనే అనుకుందాం. 2024 ఫిబ్రవరి 28న తెల్లవారుజామున నవీ ముంబయిలో తోటి సైక్లిస్టులతో కలిసి వెళ్తూ, క్యాబ్ గుద్ది చనిపోయిన అవతార్ సైనీ ఇంటెల్ ఇండియాకి ఒకప్పటి అధిపతి. ఆ క్యాబ్ డ్రైవరూ పారిపోవాలనే చూశాడని వార్తలు. రోడ్డు తెలియకపోతే దెబ్బ తగులుతుందనే సూత్రం అక్కడ ఏమైనట్టు?

శిక్ష పెంచితే సరి అనేవాళ్లతోనూ నాకు పేచీ ఉంది. భారతీయ న్యాయ సంహితలో 106(2) కింద, ప్రాణం తీసి చెప్పకుండా పారిపోతే పదేళ్ల దాకా జైలు. దానికి వ్యతిరేకంగా 2024 జనవరిలో లారీ డ్రైవర్లు సమ్మెకు దిగారు. జూలై 1న సంహిత అమల్లోకి వచ్చినా ఆ ఒక్క ఉపసెక్షన్‌ని పక్కన పెట్టారు. పట్టుకోని చోట పదేళ్లయినా పదిహేనేళ్లయినా ఒకటే.

దీనికన్నా సిగ్గుపడాల్సిన లెక్క ఇంకోటుంది. 2022లో దేశంలో గుద్ది పారిపోయిన ప్రమాదాలు 67,387. చనిపోయినవాళ్లు 30,486 మంది. బండి ఆచూకీ తెలియకపోతే మృతుడి కుటుంబానికి 2 లక్షలు, తీవ్రంగా గాయపడితే 50 వేలు ఇచ్చే పథకం ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచే ఉంది. 2022-23లో వచ్చిన దరఖాస్తులు 205. సుప్రీంకోర్టు 2024 జనవరిలో ఈ అంకె చూసే, బండి నెల రోజుల్లో దొరక్కపోతే పథకం సంగతి బాధితుడికి పోలీసులే చెప్పాలని ఆదేశించింది. దరఖాస్తు పెట్టాల్సింది తహసీల్దారు స్థాయి విచారణాధికారికి. మంజూరు చేసేది జిల్లా అధికారి, అంటే ఇక్కడ డిప్యూటీ కమిషనరు. అయితే ఆ కాగితం కదలాలంటే ముందు ఎఫ్‌ఐఆర్ ఉండాలి. "వొగ్గీ" అన్న మాట విని స్టేషను గడప తొక్కనివాడికి అదీ లేదు, ఇదీ లేదు.