ఆడుటకు తగినవారు ఏలుటకు తగరా?

అమెరికాలో వృత్తిగా నడచు బాస్కెట్ బాల్ ఆటలో జట్టునకు ఇద్దరు పెద్దలుందురు. ఆటస్థలము ప్రక్కన నిలిచి ఆటగాండ్రను నడపు శిక్షకుడొకడు. ఎవరిని చేర్చుకొనవలెను, ఎవరిని పంపివేయవలెను, ఎవరికెంత జీతమీయవలెను అనునది కార్యాలయమున కూర్చుండి తేల్చు జనరల్ మేనేజరు మరియొకడు. జనుల కన్నులు మొదటివానిపై నుండును. అధికారము రెండవవాని చేతనుండును. ఈ భేదము నెరుగనిదే వేన్ ఎంబ్రీ చరిత్రలోని విశేషము బోధపడదు.

ఆయన ఒహాయో రాష్ట్రములోని స్ప్రింగ్‌ఫీల్డులో 1937లో జన్మించిన నల్లజాతివాడు. 1958 మొదలు ఎనిమిదేండ్లు సిన్సినాటి రాయల్స్ జట్టులో ఆడి, ఐదుమార్లు ఆల్ స్టార్ పోటీలకు ఎన్నికయ్యెను. ఆరడుగుల ఎనిమిదంగుళముల విగ్రహము. ఐనను తాను బంతి వేసి చప్పట్లు కొట్టించుకొనుటకంటె, ఎదిరికి అడ్డుగోడవలె నిలిచి తోడివానికి దారి కల్పించుటలోనే ఆయన నేర్పు మిక్కిలి. అదే జట్టులోని ఆస్కార్ రాబర్ట్‌సన్‌ను పొగడువారు ఈ గోడను స్మరించుట అరుదు. 1968లో బోస్టన్ సెల్టిక్స్‌తో విజేతయై, మరుసటి యేడు మిల్వాకీ బక్స్ జట్టులో ఆట చాలించెను.

ఎన్.బి.ఎ. జట్లలో నల్లజాతివారు ఆడజొచ్చినది 1950లో. శిక్షకపదవి బిల్ రస్సెల్‌కు దక్కినది 1966లో. 1972లోగాని మిల్వాకీవారు ఎంబ్రీని జనరల్ మేనేజరుగా నియమింపలేదు, ఎన్.బి.ఎ.లో ఆ పదవి పొందిన మొదటి నల్లజాతివాడాయనయే. కండబలమును ఒప్పుకొనుటకును, వివేకమును ఒప్పుకొనుటకును నడుమ ఇరువదిరెండేండ్లు! అరక దున్నువాని పనితనమును మెచ్చుచు, ఏ విత్తనము చల్లవలెనో వాని నడుగుట నామోషీగా తలచు కామందును మేమెరుగనివారము కాము.

1974లో జట్టు తుదిపోటీకి వచ్చి, ఏడవ ఆటలో బోస్టన్ చేత ఓడెను. పెద్దచిక్కు 1975లో వచ్చెను. ఆనాటి అగ్రగణ్యుడగు కరీమ్ అబ్దుల్ జబ్బార్ తాను మిల్వాకీలో నుండజాలనని, మరియొక చోటికి పంపుడని కోరియుండెను. బలవంతమున నిలిపిన మనసులేని ఆట, పంపిన నింద. తుదకు ఆయనను, వాల్ట్ వెస్లీని లాస్ ఏంజిలీస్ లేకర్స్‌కు ఇచ్చి నలుగురు ఆటగాండ్రను తీసికొనిరి. అట్టివానికి నలుగురు సాటిరారు, నిజమే. ఆయనతో లేకర్స్ తరువాత ఐదుమార్లు విజేతలైరి. కాని ఆ నలుగురిలో జూనియర్ బ్రిడ్జ్‌మన్, బ్రయన్ వింటర్స్ అనువారి చొక్కా సంఖ్యలను మిల్వాకీవారు గౌరవసూచకముగా మరెవ్వరికిని ఈయక నిలిపియుంచిరి. పోవువాని నాపజాలనప్పుడు పొందదగినది పొందుటయే దక్షత. దీనిని ఎంబ్రీ తప్పిదముగా నెంచుట అన్యాయమని మా అభిప్రాయము.

1986 మొదలు క్లీవ్‌లాండ్ కావలియర్స్‌ను నడపి, 1992లోను 1998లోను ఉత్తమ నిర్వాహకుడనిపించుకొనెను. అచట విజేతృత్వము దక్కలేదు. మైకేల్ జోర్డన్ ఆడు షికాగో జట్టు పలుమార్లు అడ్డుపడెను. 1999లో నైస్మిత్ కీర్తిమందిరమువారు ఎంబ్రీని చేర్చుకొనినది ఆటగానిగా గాదు, ఆటకు సేవచేసినవానిగా.

ఇక యజమాని పీఠము. ఎన్.బి.ఎ. జట్టులో పెద్దవాటా నల్లజాతివానికి దక్కుటకు 2002 వరకు వేచియుండవలసి వచ్చెను. ఆ షార్లెట్ జట్టునే 2010లో చేపట్టిన జోర్డన్ తన పెద్దవాటాను 2023లో విక్రయించెను. ఆటగాండ్రలో అధికసంఖ్యాకులు నల్లజాతివారే యైన ఆటలో ఈ పీఠమునకు వారెందుకింత దూరముగా నున్నారో జట్ల యజమానులు చెప్పవలసియున్నది.