గిన్నెలో ఏముందని అడిగే హక్కు

న్యూ ఆర్లీన్స్‌లో ఉద్యోగం చేస్తున్న మా అన్నగారి కుమారుని ఇంట ఈ మధ్య కొన్ని దినాలు అతిథిగా ఉన్నాను. ఒక సోమవారం మధ్యాహ్నం అతడు నన్ను ఒక చిన్న భోజనశాలకు తీసుకువెళ్ళాడు. ఆ నగరంలో సోమవారం నాడు అన్నంతో రాజ్మా వంటి ఎర్ర చిక్కుడు గింజలు తినడం పాత ఆచారం. పూర్వం అది బట్టలుతికే రోజు. గృహిణులు గింజలను సన్నని సెగపై ఉంచి తమ పని చూసుకునేవారు.

'పప్పే కదా' అనుకుని కూర్చున్నాను. వడ్డించే మహిళను ప్రశ్నలతో విసిగించడం నాకు మొహమాటమనిపించింది. మావాడు మాత్రం మర్యాదగా అడిగాడు. "ఆదివారం మిగిలిన పంది తొడ ఎముక వేసి ఉడికించాము" అన్నదామె. ఏళ్ళ తరబడి పిల్లలకు ధర్మశాస్త్రం బోధిస్తున్న నేను సిగ్గుపడ్డాను.

ఆమె నొచ్చుకోలేదు. ఏ గిన్నెలో ఏముందో ఓపికగా వివరించింది. గంబో పులుసులోనూ, పులావును తలపించే జంబలాయాలోనూ పంది మాంసపు సాసేజీలున్నాయి. మరో కూరలో క్రాఫిష్ ఉంది. హనఫీ ఫిఖహ్ ప్రకారం అది మనకు తగదు. చివరకు చికోరీ కలిపిన కాఫీ తాగి లేచాము. ఆ రుచి మన ఫిల్టర్ కాఫీని గుర్తుచేసింది.

దారిలో మావాడు ఆ వంటల కథ చెప్పాడు. క్రియోల్ వంట నగరానిది. ఫ్రెంచి, స్పానిష్, ఆఫ్రికా ప్రజల, స్థానిక ఆదివాసుల చేతివాటాలు అందులో కలిశాయి. కేజన్ వంట పల్లెలది. 1755 నుండి బ్రిటిషువారు నోవా స్కోషియా ప్రాంతం నుండి వెళ్ళగొట్టిన ఫ్రెంచి భాషీయుల సంతతి దానిని పెంచి పోషించింది. రెండింటిలోనూ ఉల్లి, సెలరీ, క్యాప్సికం తప్పనిసరి.

ఆ రాత్రి మా కోడలు హలాల్ కోడిమాంసంతో, బెండకాయలతో గంబో వండింది. నూనెలో పిండిని ముదురు గోధుమరంగు వచ్చేవరకు, మాడకుండా, చేయి ఆపక కలిపింది. అల్‌హమ్దులిల్లాహ్, కడుపునిండా తిన్నాము.

ఆఫ్రికా భాషలలో బెండకున్న పేరు నుండే 'గంబో' అనే మాట పుట్టిందట. 1719లో ఆఫ్రికా బానిసలతో తొలి నౌకలు లూసియానా చేరాయి. ఫ్రెంచి పాలనలో అక్కడికి తెచ్చినవారిలో అధికులు సెనెగాంబియా ప్రాంతంవారు. ఆ నేలకు ఇస్లాం శతాబ్దాలుగా పరిచితం. సంకెళ్ళతో దిగిన ఆ జనంలో మన కలిమా పలికినవారూ ఉన్నారు. వరి పండించే నేర్పునూ, బెండ రుచినీ తెచ్చినవారికి, తమ ఎదుట పెట్టినది ఏమిటని అడిగే హక్కు లేదు.

మొహమాటంతో నేను వదులుకోబోయినది ఆ హక్కునే.

సోదర సోదరీమణులారా! ప్రయాణాలలో, విందులలో మన పిల్లలు అడగడానికి జంకుతారు. అడగడం అవమానించడం కాదని వారికి నేర్పుదాం. మృదువుగా అడగాలి. తినలేనిదానిని ఈసడించకుండా పక్కకు జరపాలి. వండిన చేతికి కృతజ్ఞత చెప్పాలి. ఈ పాఠం నాకు నేర్పింది మా అన్న కొడుకు.