ఆ ‘మందు’ నిజంగా మందేనా?

మరణశిక్ష పడిన ఖైదీ. ఫొటోకాపీ యంత్రంలో వాడే ద్రవం తాగేశాడు. డాక్టర్ గదిలోకి వచ్చి మద్యం సీసా తీశాడు. ఖైదీకి ఒకదాని తర్వాత ఒకటి గ్లాసులు పోశాడు, తనూ తాగాడు. ‘హౌస్’ అనే అమెరికన్ సిరీస్‌లో 2005లో వచ్చిన ఎపిసోడ్ ఇది. చూడగానే ఏమనిపిస్తుంది? ‘వాళ్లకేం, ఏదైనా చూపిస్తారు’ అనే కదా! కానీ ఈ సీన్ వెనక ఉన్నది పక్కా వైద్యశాస్త్రం.

సినిమాలు, సిరీస్‌లలో కనిపించే వైద్యాన్ని విడదీసి చూపడం ఇప్పుడు ఓ ప్రత్యేక విభాగంగా ఎదిగింది. ఇంగ్లిష్‌లో కొందరు డాక్టర్లు పాడ్‌కాస్ట్‌లు చేస్తున్నారు. ఒక సినిమా తీసుకుని అందులో ఎంత నిజం, ఎంత కల్పన అని చర్చిస్తారు. ఆ కథకు తగ్గ కాక్‌టెయిల్ కూడా కలుపుతారు. మన భాషలో రెంటికీ ఒకటే మాట... మందు! సరదాగా కనిపించే ఈ పద్ధతిలో మీకు పనికొచ్చే నైపుణ్యం ఒకటి దాగుంది. విన్నదాన్ని పరీక్షించడం, తేలినదాన్ని నలుగురికీ అర్థమయ్యేలా చెప్పడం. ఆరోగ్య రంగంలో చాలా కొలువులకు పునాది ఇదే. ముందు మూడు సీన్లు చూద్దాం. ఒకటి నిజం, ఒకటి అబద్ధం, ఒకటి సగం నిజం.

నిజం: విషానికి విరుగుడుగా మద్యం

ఖైదీ తాగిన ద్రవంలో ఉన్నది మిథనాల్. నిజానికి అది కడుపులోకి వెళ్లగానే పెద్దగా హాని చేయదు. కాలేయంలోని ఒక ఎంజైమ్ దాన్ని ఫార్మాల్డిహైడ్‌గా, ఆపై అది ఫార్మిక్ ఆమ్లంగా మారుతుంది. అసలు విషం అదీ. కంటి నరాన్ని దెబ్బతీస్తుంది, చూపు పోతుంది, ప్రాణం కూడా పోతుంది.

మామూలు మద్యంలో ఉండే ఇథనాల్‌ను విడగొట్టేదీ ఆ ఎంజైమే. పైగా దానికి ఇథనాల్ అంటేనే మక్కువ ఎక్కువ. రెండూ ఎదురైతే ముందు ఇథనాల్ పని చూసుకుంటుంది. ఈలోగా మిథనాల్ విషంగా మారకుండానే మూత్రం, శ్వాస ద్వారా కొంత కొంత బయటికి పోతుంది. డయాలసిస్‌తో ఇంకా త్వరగా తీసేయవచ్చు. ఇప్పుడు ఇదే పనికి ఫోమెపిజోల్ అనే మందు ఉంది. అది దొరకని చోట ఆస్పత్రుల్లో ఇథనాల్‌నే కొలిచి, రక్తంలో మోతాదు చూసుకుంటూ ఇస్తారు.

ఇది మనకు దూరపు కథేమీ కాదు. 2024 జూన్‌లో తమిళనాడులోని కళ్లకురిచ్చిలో మిథనాల్ కలిసిన కల్తీ సారా 60 మందికి పైగా ప్రాణాలు తీసింది. ఇలాంటి చోట ‘ఇంకాస్త మంచి మందు తాగితే సరిపోతుందట’ అని సగం తెలిసినవాడు ఇంట్లోనే వైద్యం మొదలుపెడితే? విలువైన గంటలు చేజారిపోతాయి. సీన్ నిజమే కావచ్చు, దాన్ని అనుకరించడం మాత్రం ప్రమాదం. ఈ తేడాను ఒక్క వాక్యంలో చెప్పగలిగినవాడే మంచి హెల్త్ కమ్యూనికేటర్.

అబద్ధం: తిన్నటి గీతకు కరెంటు షాక్

మానిటర్‌పై గీత తిన్నగా సాగిపోతుంది. డాక్టర్ రెండు పెడల్స్ రుద్ది ఛాతీ మీద పెడతాడు. ఒంటి మీదున్న మనిషి ఎగిరిపడతాడు. గీత మళ్లీ ఎగుడుదిగుడుగా మొదలవుతుంది. తెలుగు సినిమాల్లో, హాలీవుడ్‌లో ఎన్నిసార్లు చూసి ఉంటారో!

అసలు సంగతేమిటంటే, తిన్నటి గీతకు షాక్ ఇవ్వరు. గుండెలో విద్యుత్ చర్య పూర్తిగా ఆగిపోయిందని ఆ గీత చెబుతోంది. అప్పుడు చేయాల్సింది సీపీఆర్, ఇవ్వాల్సింది అడ్రినలిన్. గుండె గాడి తప్పి వణుకుతున్నప్పుడే షాక్ పనికొస్తుంది. ఆ గందరగోళాన్ని ఒక్కసారిగా ఆపి, గుండె తన లయను మళ్లీ అందుకునే అవకాశం ఇస్తుంది. చాలామంది అనుకునేట్టు అది ఆగిన బండికి సెల్ఫ్ కొట్టడం కాదు.

ఈ అబద్ధానికి మూల్యం ఉంది. 1996లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక అధ్యయనం వచ్చింది. మూడు టీవీ కార్యక్రమాల్లోని 60 సీపీఆర్ సన్నివేశాలను పరిశోధకులు లెక్కగట్టారు. తెర మీద నూటికి 75 మంది అప్పటికప్పుడు బతికారు. నిజ జీవితంలో? అమెరికాలోనే ఆస్పత్రి బయట గుండె ఆగినవారిలో ప్రాణాలతో ఇంటికి చేరేది దాదాపు పదిలో ఒకరు. తెర మీది లెక్కనే నమ్మిన కుటుంబం ‘మా నాన్న ఎందుకు బతకలేదు? వీళ్లేదో తప్పు చేశారు’ అని డాక్టర్ మీదికి వెళ్తుంది. మరోపక్క, ‘మిషన్ ఉంటేనే బతుకుతారు’ అనుకున్నవాళ్లు కళ్లెదుట మనిషి కుప్పకూలినా చేతులు కట్టుకుని నిలబడతారు.

2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ రోడ్డు మీద కుప్పకూలిన వ్యక్తిని ఓ ట్రాఫిక్ కానిస్టేబుల్ చేతులతోనే సీపీఆర్ చేసి కాపాడిన వీడియో చూసే ఉంటారు. మిషన్ లేదు, తెల్ల కోటు లేదు. ఆ మరుసటి నెలలోనే తెలంగాణ ప్రభుత్వం సీపీఆర్ శిక్షణ కార్యక్రమం మొదలుపెట్టింది. గుర్తుంచుకోండి: మనిషి స్పందించకపోయినా, శ్వాస సరిగా లేకపోయినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. పెద్దవాళ్లకైతే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు నొక్కాలి. నటులు మోచేతులు వంచి పైపైన నొక్కుతారు. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఛాతీని నిజంగా నొక్కితే గాయమవుతుంది కాబట్టి! మీరు మాత్రం మోచేతులు వంచకండి.

సగం నిజం: పావుగంటకోసారి చెరిగిపోయే జ్ఞాపకం

‘గజిని’లో సూర్య పాత్రకు 15 నిమిషాలు దాటితే ఏదీ గుర్తుండదు. ఇలాంటి స్థితి నిజంగా ఉంది. దీని గురించి మనకు తెలిసినదాంట్లో చాలా భాగం ఒకే ఒక్క రోగి పుణ్యమే. హెన్రీ మొలైసన్ అనే అమెరికన్‌కు 1953లో మూర్ఛ తగ్గించడానికి మెదడు ఆపరేషన్ చేశారు. హిప్పోక్యాంపస్ అనే భాగాన్ని రెండు వైపులా చాలావరకు తీసేశారు. మూర్ఛ తగ్గింది కానీ, కొత్త జ్ఞాపకాలు నిలవడం ఆగిపోయింది. చిన్నప్పటి విషయాలు చెప్పేవాడు, కాసేపటి క్రితం కలిసినవాళ్లను మాత్రం గుర్తుపట్టేవాడు కాదు. అద్దంలో చూస్తూ బొమ్మ గీయడం నేర్పితే రోజురోజుకీ మెరుగయ్యాడు. అది నేర్చుకున్నట్టే అతనికి గుర్తు లేదు!

మరి కల్పన ఎక్కడ? గడియారం పెట్టినట్టు పావుగంటకు చెరిగిపోవడంలో. ఇక మన పాత సినిమాల్లో తలకు దెబ్బ తగిలి జ్ఞాపకం పోవడం, రెండో దెబ్బకు తిరిగి రావడం పూర్తిగా కథకుల సృష్టే. రెండో దెబ్బ మెదడును ఇంకా పాడుచేస్తుంది, అంతే.

ఇక్కడా గ్లాసుతో సంబంధం ఉంది. పార్టీలో తెగ తాగి ‘రాత్రి ఏం చేశానో గుర్తు లేదురా’ అనే స్నేహితుడికి మర్చిపోవడం కాదు జరిగింది. ఒక్కసారిగా పెరిగిన ఆల్కహాల్ హిప్పోక్యాంపస్‌ను అడ్డుకోవడంతో ఆ జ్ఞాపకం అసలు నమోదే కాలేదు.

గ్లాసును కూడా ప్రశ్నించాలి

సినిమాలనే కాదు, గ్లాసు చుట్టూ అల్లిన కథలనూ ఇలాగే పరీక్షించవచ్చు. జిన్ అండ్ టానిక్ సంగతి చూడండి. మలేరియాకు వాడే చేదు క్వినైన్‌ను మన దేశంలోని బ్రిటిష్‌వాళ్లు జిన్‌తో కలుపుకొని తాగారన్న కథ బాగా ప్రచారంలో ఉంది. టానిక్ వాటర్‌లో ఇప్పటికీ క్వినైన్ ఉంటుంది. కాబట్టి అది మలేరియాను ఆపుతుందా? అమెరికాలో లీటరుకు సుమారు 83 మిల్లీగ్రాములకు మించి కలపకూడదు. చికిత్సలో పెద్దవారికి రోజుకు దాదాపు 1800 మిల్లీగ్రాములు ఇస్తారు. అంటే రోజుకు 20 లీటర్లకు పైగా టానిక్ తాగాలి! చిన్న భాగహారంతో ఓ పెద్ద నమ్మకం కూలిపోయింది.

మలేరియా గుట్టు విప్పింది మన సికింద్రాబాద్‌లోనే. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని గుర్తించాడు. ఆ తేదీనే ప్రపంచ దోమల దినం. పోటీ పరీక్షలకు ప్రిపేరవుతున్నవాళ్లు నోట్ చేసుకోండి.

కొలువుల మాటేమిటి?

నిజాయతీగా చెప్పుకుందాం. పాడ్‌కాస్ట్ పెట్టగానే జీతం రాదు. మన పరిశ్రమలో సినిమాకు మెడికల్ కన్సల్టెంట్ అన్నది ఇంకా స్థిరమైన ఉద్యోగం కాదు. విదేశాల్లో పరిస్థితి వేరు. 2025 సెప్టెంబరులో ఎమ్మీ ఉత్తమ డ్రామా సిరీస్ అవార్డు అందుకున్న ‘ది పిట్’ రచయితలు, నిర్మాతల్లో జో సాక్స్ అనే ఎమర్జెన్సీ వైద్యుడు ఉన్నారు. 15 గంటల డ్యూటీని 15 ఎపిసోడ్లుగా చూపిన ఆ సిరీస్ బలమే వైద్య వాస్తవికత.

ఇక్కడ అదే నైపుణ్యానికి వేరే తలుపులు ఉన్నాయి.

మెడికల్ రైటింగ్: క్లినికల్ ట్రయల్ నివేదికలు, రోగులకు ఇచ్చే సమాచార పత్రాలు రాయడం. ఫార్మసీ, లైఫ్ సైన్సెస్, దంత వైద్యం చదివినవాళ్లకు అనుకూలం.

ఫార్మకోవిజిలెన్స్: మందుల దుష్ప్రభావాల నివేదికలను పరిశీలించడం. ‘ఇది మందు వల్లే వచ్చిందా, కాకతాళీయమా?’ అనే ప్రశ్నే రోజూ పని. హైదరాబాద్ ఫార్మా కంపెనీల్లో ఈ విభాగాలు ఉన్నాయి.

ఫ్యాక్ట్ చెకింగ్, హెల్త్ జర్నలిజం: వాట్సాప్‌లో తిరిగే చిట్కాల నిగ్గు తేల్చడం. జర్నలిజంతో పాటు సైన్స్ నేపథ్యం ఉంటే అదనపు బలం.

ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్: తెర మీది సీన్లు మీకే నిత్యం ఎదురయ్యే ఉద్యోగం. అంబులెన్సులు, ఆస్పత్రుల అత్యవసర విభాగాల్లో అవకాశాలు ఉంటాయి.

కంటెంట్ చేసేవాళ్లకు మరో హెచ్చరిక. 2023 ఆగస్టులో అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనలు బిగించింది. ప్రచార వీడియోల్లో ఆరోగ్య సలహా ఇచ్చేవారికి తగిన అర్హత ఉండాలి, దాన్ని చూపాలి కూడా. ఇక కాక్‌టెయిల్ పద్ధతిని యథాతథంగా దించేయకండి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మద్యానికి కనీస వయసు 21, టీవీలో మద్యం ప్రకటనలు నిషిద్ధం. నిమ్మసోడాతోనూ ఇదే షో చేయవచ్చు. నిమ్మకాయకూ వైద్య చరిత్ర ఉంది. 1747లో జేమ్స్ లిండ్ నావికులకు నారింజ, నిమ్మ ఇచ్చి స్కర్వీ తగ్గడం చూపించాడు.

ఈ వారమే మొదలుపెట్టండి

మీరు చూసిన సినిమాలోంచి ఒక్క వైద్య సన్నివేశం తీసుకోండి. కాగితం మీద మూడు గడులు గీయండి: తెర మీద ఏం చూపారు, శాస్త్రం ఏం చెబుతోంది, నమ్మితే ఎవరికి నష్టం. రెండో గడికి పాఠ్యపుస్తకం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐసీఎంఆర్ సమాచారం చూడండి. ఒక డాక్టర్‌తోనో, ఫార్మసీ లెక్చరర్‌తోనో సరిచూసుకోండి. ఆ తర్వాత 300 మాటల్లో రాయండి. మీ అమ్మమ్మకు చదివి వినిపించండి. ఆవిడకు అర్థం కాకపోతే లోపం రాతలోనే ఉంది, తిరగరాయండి.

ఇలాంటివి పది చేరితే రెజ్యూమెలో పెట్టడానికి మీ దగ్గర ఓ చిన్న పోర్ట్‌ఫోలియో ఉన్నట్టే. ‘కమ్యూనికేషన్ స్కిల్స్ బాగున్నాయి’ అని రాసుకునే వందల మంది మధ్య, ఇంటర్వ్యూలో మీరు చేసిన పని చూపగలుగుతారు. ఇక కాలేజీలో సీపీఆర్ శిక్షణ పెడితే ఎగ్గొట్టకండి. హాస్టల్ వరండాలో ఎవరైనా కుప్పకూలిన రోజున చుట్టూ ఉన్న నలుగురూ ఏం చేయాలో తెలియక చూస్తారు. ఆ క్షణంలో మోకాళ్ల మీద కూర్చుని మొదలుపెట్టాల్సింది మీరే కావచ్చు.