ఓడలు అమ్ముకున్న అప్పును సాయం కింద రాస్తారా?



ఐరోపా ప్రభుత్వమేదైనా పేద దేశం బాకీ రద్దు చేసిందంటే చాలు, దాని ఔదార్యం గురించి పత్రికలు పోటీపడి రాస్తాయి. ఆ బాకీ ఎలా పుట్టింది, రద్దు చేసిన మొత్తాన్ని ఏ పద్దులో రాసుకున్నారు అని అడిగేవాళ్లు తక్కువ. ఈ రెండు ప్రశ్నలకూ దాపరికం లేకుండా జవాబు చెప్పిన ప్రభుత్వం నార్వేది. 2006లో ఆ దేశం చేసిన పని దానం కాదు, సరైన లెక్క. అప్పులిచ్చే ప్రతి దేశమూ ఆ లెక్కే పాటించాలి, భారత్‌తో సహా.

1973 చమురు సంక్షోభం తర్వాత ట్యాంకర్ల ఆర్డర్లు పడిపోయి నార్వే ఓడల కార్ఖానాలకు పని లేకుండా పోయింది. కార్మికుల ఉద్యోగాలు నిలబడాలంటే ఎవరో ఒకరు ఓడలు కొనాలి. అలా 1976 నుంచి 1980 దాకా నడిచిన ఓడల ఎగుమతి పథకం కింద 156 ఓడలు, వాటి సామగ్రి 21 దేశాలకు చేరాయి. కొనేవాళ్ల దగ్గర డబ్బు లేకపోతే అప్పు ఇప్పించారు. దానికి ప్రభుత్వ ఎగుమతి రుణ హామీ సంస్థ పూచీ పడింది. ఆ దేశానికి ఓడలు అవసరమా, వాటిని నడిపి బాకీ తీర్చగలదా అన్న విచారణ మాత్రం సరిగా జరగలేదు. ఈక్వడార్‌లో అరటిపళ్లు రవాణా చేసే కంపెనీ నాలుగు ఓడలు కొని, తర్వాత దివాలా తీసింది. బాకీ వచ్చి ఆ దేశ ఖజానా నెత్తిన పడింది. ఓడలు పాతబడ్డాయి, వడ్డీ మాత్రం పెరుగుతూ పోయింది.

2006 అక్టోబరులో నార్వే అంతర్జాతీయాభివృద్ధి మంత్రి ఎరిక్ సోల్‌హైమ్ ఈ పథకం తాలూకు బాకీలను ఏకపక్షంగా రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు. ఈక్వడార్, ఈజిప్టు, జమైకా, పెరూ, సియెరా లియోన్‌లకు కలిపి సుమారు 52 కోట్ల క్రోనర్లు, అంటే దాదాపు 8 కోట్ల డాలర్లు. మొత్తం పెద్దది కాదు. దాని వెంట వచ్చిన మాటలే పెద్దవి. అభివృద్ధి విధానంగా ఆ పథకం విఫలమైందని, అప్పిచ్చినవారిగా తమకూ అందులో బాధ్యత ఉందని నార్వే ఒప్పుకుంది. రద్దు చేసిన మొత్తాన్ని విదేశీ సాయం ఖాతాలో చూపబోమని కూడా చెప్పింది.

ఆ చివరి మాట విలువ తెలియాలంటే అంతకు ముందు ఏడాది లెక్కలు చూడాలి. 2005లో ధనిక దేశాల సాయం 10,700 కోట్ల డాలర్ల దాకా ఎగబాకిందని గొప్పగా చెప్పుకున్నారు. అందులో సుమారు 1,400 కోట్లు ఇరాక్ బాకీల రద్దు, మరో 500 కోట్లకు పైగా నైజీరియా బాకీల రద్దు. ఆ ఏడాది కుదిరిన ఒప్పందం కింద నైజీరియా 1,240 కోట్ల డాలర్లు ఎదురు కట్టి, 1,800 కోట్లు మాఫీ చేయించుకుంది. సొంత కంపెనీల సరుకు అమ్ముకోవడానికి ఇచ్చిన రుణాలు, వాటిమీద పేరుకున్న వడ్డీలు, జరిమానాలు కొట్టివేసి, దాన్నే పేదలకు పంపిన సాయంగా చూపడం ఏ రకం పద్దు? బడికీ ఆసుపత్రికీ ఆ అంకె నుంచి కొత్తగా ఒక్క డాలరూ చేరదు. రుణమాఫీకి వాడే వనరులు మామూలు సాయానికి కోత పెట్టకూడదని 2002లో అభివృద్ధి నిధులపై మెక్సికోలోని మాంటెరీలో జరిగిన సదస్సులో ఈ దేశాలే ఒప్పుకున్నాయి!

ఇలా మాఫీ చేస్తూ పోతే రేపు ఎవరూ బాకీ కట్టరన్న వాదన ఉంది. అప్పు తీసుకున్నవారికే క్రమశిక్షణ కావాలనుకుంటే ఆ వాదన నిలుస్తుంది. కానీ తీర్చగలరో లేదో చూడకుండా అంటగట్టినవారికి ఏ నష్టమూ లేకపోతే, వాళ్లు మళ్లీ అదే పని చేస్తారు. పైగా నార్వే ఓడల కార్ఖానాలకు రావలసిన సొమ్ము ఎప్పుడో ముట్టింది.

నార్వేకు పూర్తి మార్కులు వేయనక్కర్లేదు. 2006 నిర్ణయం ఒక్కసారికేనని, ఇకపై మాఫీ ఏదైనా మిగతా రుణదాతలతో కలిసే చేస్తామని అప్పుడే షరతు పెట్టుకుంది. అయినా 2013లో ఏడు దేశాలకు తానిచ్చిన రుణాల ఒప్పందాలు 34 తీసి, బాధ్యతాయుత రుణాలపై ఐక్యరాజ్యసమితి సూత్రాల ప్రకారం బయటి ఆడిటర్ల చేత తనిఖీ చేయించింది. అప్పిచ్చిన దేశం తన పుస్తకాలు తానే తెరిచి చూపించడం అదే మొదటిసారి.

ఈ గొడవ మనకెందుకని పాఠకులు అనుకోవచ్చు. భారత్ కూడా ఇప్పుడు రుణదాతే. ఎగ్జిమ్ బ్యాంకు ద్వారా ఆఫ్రికా, ఆసియా దేశాలకు మన ప్రభుత్వం ఇప్పించే రుణాల్లో సాధారణంగా 75 శాతం మన దగ్గరి సరుకులు, సేవలు కొనడానికే వాడాలి. షరతులు మెత్తనివే, వడ్డీ తక్కువే. కానీ అమ్మేవారి అవసరం, కొనేవారి అవసరం కలగలిసిపోయే ప్రమాదం నార్వే ఓడల్లో ఎంతుందో ఇక్కడా అంతే ఉంది. ఇథియోపియా చక్కెర పరిశ్రమకు మనం 64 కోట్ల డాలర్ల రుణం ఇచ్చాం. ఆ డబ్బు వెళ్లిన వాటిలో ఒకటైన తెందాహో కార్ఖానా ఏళ్ల తరబడి ఆలస్యమైంది. ఇలాంటి రుణాల్లో ఏది పని చేసింది, ఏది ఆగింది, ఎందుకు ఆగింది అన్నది ప్రాజెక్టుల వారీగా తనిఖీ చేయించి, ఆ నివేదికను ప్రభుత్వం పార్లమెంటు ముందు పెట్టాలి. బాకీలు మొండిబకాయిలుగా మారకముందే ఆ పని జరగాలి.

– ఒక పాఠకుడు