జటాయువు ఏ దేశపు పక్షి?

మన తెలుగు ఇళ్ళలో రాబందు పేరు మంచి మాటకు వాడరు. అప్పులవాళ్ళు గుమ్మంలో కూర్చుంటే “రాబందుల్లా పీక్కు తింటున్నారు” అంటాం. వెనకటి రోజుల్లో ఆ పక్షి ఇంటి మీద వాలితే పురోహితుణ్ణి పిలిపించి శాంతి చేయించేవారు. కాని అదే జాతికి చెందిన జటాయువుకు మాత్రం చేతులెత్తి మొక్కుతాం. సీతమ్మను కాపాడబోయి రెక్కలు తెగి పడిపోయిన గృధ్రరాజుకు రాముడే స్వయంగా అంత్యక్రియలు చేశాడని పిల్లలకు కథ చెబుతాం. కర్ణాటక సరిహద్దుకు ఆనుకునే ఉన్న లేపాక్షికి “లే పక్షీ” అన్న మాట వల్లే ఆ పేరు వచ్చిందని స్థలపురాణం. బెంగళూరు, బళ్ళారి వైపు ఉండే మన పాఠకుల్లో చాలామంది ఆ గుడి చూసే ఉంటారు.

ఆ జటాయువు వంశమే దాదాపు తుడిచిపెట్టుకు పోయింది. అది ఎందుకు పోయిందో, మళ్ళీ నిలబెట్టడానికి నాలుగు దేశాలు ఎలా చేయి కలిపాయో ఈసారి ముచ్చటించుకుందాం. ఇరుగుపొరుగు దేశాల మధ్య తగాదాల వార్తలు రోజూ చదువుతూనే ఉంటాం. కలిసి చేసిన పని గురించి కూడా ఒకసారి చదవడం మంచిది.

1980ల్లో మన ఉపఖండంలో రాబందులు నాలుగు కోట్ల దాకా ఉండేవని అంచనా. ఊళ్ళో గొడ్డు చచ్చిపోతే ఊరి బయట పడేసేవారు. తోలు తీసుకునేవాళ్ళు తీసుకుపోయాక, కొద్ది గంటల్లో అక్కడ ఎముకలు తప్ప మరేమీ మిగిలేది కాదు. కూలి అడగని పారిశుద్ధ్య సిబ్బంది అవి. అలాంటిది 1992కూ 2007కూ మధ్య, అంటే పదిహేనేళ్ళలో, తెల్లవీపు రాబందులు నూటికి తొంభైతొమ్మిదికి పైగా పోయాయి. వెయ్యి పక్షులున్న చోట ఒకటి మిగిలిందన్న మాట. పొడుగుముక్కు రాబందులు, సన్నముక్కు రాబందులు నూటికి తొంభై ఏడు వంతులు పోయాయి. ప్రపంచంలో మరే పక్షిజాతీ ఇంత వేగంగా తరిగిపోయిన దాఖలాలు చాలా అరుదు.

మొట్టమొదట లెక్క కట్టి ప్రమాదం కనిపెట్టింది మన దేశంలోనే. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పక్షుల అభయారణ్యంలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన డాక్టర్ విభు ప్రకాశ్ 1980ల్లో గూళ్ళు లెక్కపెట్టారు. మళ్ళీ 1990ల్లో లెక్కపెడితే చెట్ల మీద గూళ్ళు ఖాళీ. మిగిలిన పక్షులు మెడలు వేలాడేసి కూర్చుని, కొన్నాళ్ళకు రాలిపోతున్నాయి. ఏదో వైరస్ అన్నారు, పురుగుమందులన్నారు, తిండి కరువన్నారు. ఏ ఊహకూ గట్టి రుజువు దొరకలేదు.

రుజువు దొరికింది పాకిస్తాన్‌లో. అక్కడి పంజాబ్ రాష్ట్రంలో అమెరికా శాస్త్రజ్ఞుడు లిండ్సే ఓక్స్, ఆయనతోపాటు పాకిస్తాన్ పక్షిశాస్త్ర సంఘం వారు చచ్చిన రాబందులను కోసి పరీక్షించారు. లోపల అవయవాల మీద సున్నం పూసినట్టు తెల్లటి పూత. మూత్రపిండాలు పాడైపోతే యూరిక్ ఆమ్లం అలా పేరుకుంటుంది. మూత్రపిండాలను పాడుచేసిందేమిటని వెతికితే తేలింది డైక్లోఫెనాక్. మనం ఒళ్ళు నొప్పులకు వేసుకునే మందే. 1990ల్లో అది పశువులకూ వాడకంలోకి వచ్చింది. చవక మందు, బాగా పనిచేసే మందు. కుంటుతున్న ఎద్దుకు రైతు ఒక ఇంజెక్షను వేయించేవాడు. రెండు రోజుల్లో ఆ ఎద్దు చనిపోతే దాని మాంసంలో మందు మిగిలే ఉంటుంది. దాన్ని తిన్న రాబందు కూడా రెండు రోజులకు మించి బతకదు. ఈ సంగతి 2003లో బయటపెట్టి, 2004లో ‘నేచర్’ పత్రికలో అచ్చువేశారు.

అన్ని గొడ్లకూ ఆ మందు వేయరు కదా, అన్ని పక్షులు ఎలా చచ్చాయి అని మీకు అనుమానం రావచ్చు. రాబందులు విందుకు గుంపుగా వస్తాయి, ఒక్క కళేబరం మీద పదుల కొద్దీ వాలతాయి. పైగా రాబందు ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది. పిల్ల పెరిగి మళ్ళీ గూడు కట్టాలంటే అయిదేళ్ళు పడుతుంది. అందుకని నూరు కళేబరాల్లో ఒక్కదానిలో విషం ఉన్నా ఆ జాతి నాశనం కావడానికి చాలునని శాస్త్రజ్ఞులు లెక్కగట్టి చూపించారు.

పోతే పోయాయి, చూడటానికి కూడా బాగుండవు అనుకునేవారికి ఒక మాట. రాబందులు పోయాక కళేబరాలు ఊరి బయట కుళ్ళిపోయాయి, నీళ్ళలో కలిశాయి. ఆ తిండి కుక్కల పాలైంది. కుక్కలు పెరిగాయి, వాటితో పాటు కుక్కకాట్లూ పెరిగాయి. ఇదివరకు రాబందులు ఎక్కువగా ఉండి తరవాత పోయిన జిల్లాలను, మొదటి నుంచీ అవి లేని జిల్లాలతో పోల్చి చూసి, 2000 నుంచి 2005 వరకు మన దేశంలో సుమారు అయిదు లక్షల మంది అదనంగా చనిపోయారని ఇద్దరు ఆర్థిక శాస్త్రవేత్తలు 2024లో తేల్చారు. ఆ అయిదు లక్షల ఇళ్ళలో ఎవరికీ అది రాబందుల చావు తెచ్చిన కీడని తెలియదు. పోయిన పక్షికి మనిషి చెల్లించిన మూల్యం అది.

ఇక అసలు సంగతికి వద్దాం. ఇండియా ఒక్కటే ఈ మందు మానేస్తే సరిపోతుందా? సరిపోదు. రాబందు రెక్కలు చాపి గాలి మీద తేలుతూ ఒక్క రోజులోనే ఎంతో దూరం పోతుంది. మన రాష్ట్రాల్లోనే చూడండి. తెలంగాణలోని బెజ్జూరు అడవుల్లో, పాలరాపు గుట్ట రాతిగోడ మీద 2013లో పొడుగుముక్కు రాబందుల గూళ్ళు కనిపించాయి. ఆ పక్షులకు ప్రాణహిత నది దాటితే మహారాష్ట్ర. సిరొంచ వైపు ఉండే మన తెలుగు కుటుంబాలకు ఆ నది ఎంత సరిహద్దో, వాటికీ అంతే. మహారాష్ట్రలోని తడోబా అడవిలో ట్రాన్స్‌మిటర్ కట్టి వదిలిన ఒక తెల్లవీపు రాబందు 2024లో సుమారు 4,000 కిలోమీటర్లు తిరిగి తమిళనాడులోని పుదుక్కోట్టై చేరింది. నేపాల్ తరాయిలో ఉదయం ఎగిరిన పక్షి బీహారులో తిండికి వాలవచ్చు. ఒకే బావి నీళ్ళు తాగే నాలుగిళ్ళలో మూడిళ్ళవారు శుభ్రత పాటించి, నాలుగో ఇంటివారు అందులో విషం కలిపితే ఏమవుతుందో ఇదీ అంతే.

ఈ సంగతి నాలుగు ప్రభుత్వాలకూ అర్థమైంది. 2006లోనే ఇండియా, పాకిస్తాన్, నేపాల్ మూడూ పశువులకు వాడే డైక్లోఫెనాక్ తయారీని ఆపించాయి. 2001 చివర మొదలై 2002 దాకా ఇండియా, పాకిస్తాన్ సైన్యాలు సరిహద్దులో ఎదురెదురుగా మోహరించి ఉన్నాయన్నది గుర్తుంచుకుంటే, నాలుగేళ్ళకే ఈ ఒక్క విషయంలో రెండు దేశాలూ ఒకే మాట మీదికి రావడం చిన్న సంగతి కాదు. పాకిస్తాన్‌లో దొరికిన రుజువును అది ఎవరి గడ్డ మీద దొరికిందని మనవాళ్ళు చూడలేదు. బంగ్లాదేశ్ 2010లో అదే పని చేసింది. మందు మానమంటే రైతు పశువు నొప్పికి ఏం చేయాలి? అందుకని మెలాక్సికామ్ అనే మందును ముందు దక్షిణాఫ్రికాలో, తరవాత మన దేశంలో రాబందుల మీదే పరీక్షించి, దానివల్ల హాని లేదని తేల్చారు. ప్రత్యామ్నాయం చూపించారు కనుకనే నిషేధం కొంతైనా నిలబడింది.

2012 మే నెలలో నాలుగు దేశాల ప్రతినిధులు ఢిల్లీలో కలిసి ఒక ప్రకటన మీద ఒప్పుకున్నారు. ప్రమాదకరమైన మందులను అడ్డుకోవడం, సరిహద్దుకు ఇటూ అటూ రాబందులకు సురక్షితమైన ప్రాంతాలు ఏర్పరచడం, తెలిసింది ఒకరికొకరు చెప్పుకోవడం అందులోని ముఖ్యాంశాలు. సురక్షిత ప్రాంతమంటే కంచె వేసిన అడవి కాదు. సుమారు నూరు కిలోమీటర్ల వ్యాసార్ధంలో ఉన్న ఊళ్ళన్నిటిలో, మందుల షాపుల్లో, పశువైద్యుల దగ్గర ఆ విషపు మందు లేకుండా చూడడం.

ఒక్కో దేశం ఒక్కో పాఠం నేర్పింది. పెంచి వదిలే పనిలో మనవాళ్ళు ముందున్నారు. హర్యానాలోని పింజోర్‌లో ఉన్న పెంపక కేంద్రానికి జటాయువు పేరే పెట్టారు. నేపాల్ వారు ఊరివాళ్ళను కలుపుకున్నారు. అక్కడి పిఠౌలీ గ్రామంలో ముసలి ఆవులను చివరిదాకా పోషించి, విషపు మందు ఏదీ వేయకుండా చూసి, అవి సహజంగా చనిపోయాక కళేబరాన్ని రాబందులకు వేస్తారు. దానికి వాళ్ళు ‘జటాయు రెస్టారెంట్’ అని పేరు పెట్టారు! చూడటానికి వచ్చే యాత్రికుల వల్ల ఊరికి నాలుగు డబ్బులూ వస్తున్నాయి. నేపాల్‌లో రాబందుల సంఖ్య మళ్ళీ పెరగడం మొదలైంది. కీటోప్రొఫెన్ అనే మరో మందు కూడా రాబందులను చంపుతోందని తెలిశాక, దేశమంతటా దాన్ని నిషేధించిన మొదటి దేశం బంగ్లాదేశ్. అది 2021లో. రెండేళ్ళ తరవాత, 2023లో, మనం కీటోప్రొఫెన్‌తో పాటు ఎసిక్లోఫెనాక్‌నూ పశువులకు నిషేధించాం. చిన్న దేశమని చిన్నచూపు చూడకూడదనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

అలాగని అంతా సవ్యంగా ఉందని చెప్పడం అబద్ధమే అవుతుంది. పశువుల మందు ఆపితే మనుషుల మందునే పెద్ద సీసాల్లో తెచ్చి పశువులకు పొడిచారు. అందుకని 2015లో మన ప్రభుత్వం మనుషుల డైక్లోఫెనాక్‌ను ఒక్క మోతాదు సీసాల్లోనే అమ్మాలని ఆంక్ష పెట్టింది. కంపెనీలు కోర్టుకెక్కితే 2017లో మద్రాసు హైకోర్టు ఆ ఆంక్షను సమర్థించింది. ఒక మందు ఆపితే దాని స్థానంలో మరొకటి వస్తోంది. మన దేశంలో రాబందుల పతనం నెమ్మదించిందే గాని, పూర్వపు రోజులు రాలేదు. సమావేశాల్లో సంతకాలు ఎన్నయినా చేయవచ్చు. చివరికి ఆ మాట నిలబడేది ఊళ్ళో పశువుల కొట్టం దగ్గరే.

ఆ కొట్టంతో మనకూ సంబంధం ఉంది. మనలో చాలామందికి సొంత ఊళ్ళో ఇంకా పాడి ఉంది, చూసుకునే అన్నదమ్ములో బావగార్లో ఉన్నారు. పశువైద్యుణ్ణి పిలిచినప్పుడు నొప్పికి మెలాక్సికామ్ వాడమని అడగమనండి. మనుషుల మందు గొడ్డుకు పొడిపించవద్దనండి. మందు వేసిన పశువు చనిపోతే బయట పడేయకుండా గొయ్యి తీసి పాతిపెట్టించండి. కుక్కల కోసమో చిరుతల కోసమో కళేబరానికి విషం పూసే అలవాటు కొన్ని చోట్ల ఉంది. అది రాబందులకు డైక్లోఫెనాక్ కన్నా తక్కువ కీడేమీ కాదు. మన వాళ్ళలో మందుల షాపులు నడిపేవారు ఉంటే, పశువులకని అడిగినవారికి డైక్లోఫెనాక్ ఇవ్వకండి.

పిల్లలకు చూపించాలనుకుంటే బెంగళూరు దగ్గర రామనగరంలోని రామదేవర బెట్ట కొండల్లో 2012లో రాబందుల అభయారణ్యం ఏర్పడింది. తమిళనాడులో ఉన్నవారికి నీలగిరుల పక్కన మోయారు లోయ ఉంది. దూరం నుంచి, చప్పుడు చేయకుండా చూడాలి. బట్టతల, వంగిన మెడ చూసి పిల్లలు నవ్వితే నవ్వనివ్వండి. తరవాత ఆ పక్షి గాలిలోకి లేచి రెక్క ఆడించకుండా గుట్ట చుట్టూ తిరగడం చూపించి, జటాయువు కథ అప్పుడు చెప్పండి.

మీ ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి చూడండి. వాళ్ళ ఊరి చివర రాబందులు ఏ చెట్టు మీద వాలేవి, చివరిసారి ఎప్పుడు చూశారు? బరంపురంలో ఉన్నా, హోసూరులో ఉన్నా, షోలాపూరులో ఉన్నా, యానాంలో ఉన్నా, నాలుగు వాక్యాలు రాసి పంపండి. ఆ ఊరి పేరు, ఆ చెట్టు పేరు తప్పకుండా రాయండి. పిల్లలకు ఆ పక్షి ఎక్కడుండేదో తెలిస్తే, మళ్ళీ వచ్చినప్పుడు గుర్తుపడతారు.