చేతికుట్టు పుస్తకము

చిత్రకళ పుట్టుకతో రావలసినదే కాని సాధనచే లభించునది కాదని కొందరందురు. ఈ మాట సగమే నిజము. రాజమహేంద్రవరమున 1897లో జన్మించిన దామెర్ల రామారావునకు సహజప్రతిభ కలదు. అక్కడి కళాశాలాధ్యక్షుడు కూల్డ్రే దొర దానిని గుర్తించి ప్రోత్సహించెను. పిదప రామారావు బొంబాయి జె.జె. కళాశాలలో చిత్రలేఖనము నభ్యసించెను. అయినను ప్రతిభను నమ్మి ఆయన ఊరకుండలేదు. చిన్న పుస్తకములలో పెన్సిలు రేఖలు గీచుచు చేతికి పని కల్పించెను. 1925లో మశూచి సోకి 28వ ఏటనే మరణించినను, ఆయన విడిచిపోయిన చిత్రసంపద స్వల్పము కాదు. వర్ణచిత్రములతోపాటు ఆ రేఖాచిత్రములును రాజమహేంద్రవరపు చిత్రశాలలో నేటికిని కలవు.

అట్టి పుస్తకమునకు సొమ్ము లేదనుట సాకు మాత్రమే. పాత నోటుపుస్తకములలో మిగిలిన తెల్లకాగితములను నడిమికి మడచి, మడతపై మూడు రంధ్రములు పొడిచి, దారముతో కుట్టి, అట్ట యంటించిన చాలును. కొల్లిపరలోని బాలుడు అందులో నేడు అరటియాకును, రేపు పసుపుచేనిని, మరునాడు కృష్ణయొడ్డున కట్టిన పడవను గీయవచ్చును. వంకరపోయిన గీతను చింపి పారవేయరాదు; ఎక్కడ చూపు తప్పెనో అదియే తెలుపును. తన చేత కుట్టిన పుస్తకమును ఎవడును వట్టిగా విడువలేడు. ఆయువెంతయో ఎవరును ఎరుగరు. దినమునకొక పుట నింపుట మాత్రము అందరికిని సాధ్యము.