పల్లకి వచ్చింది... పిల్ల వెళ్లిపోయింది

‘మల్లీశ్వరి’ చూడని తెలుగువాళ్లు తక్కువ. ‘దాసి’ చూసినవాళ్లు తక్కువ. ముప్పయ్యేడేళ్ల తేడాతో వచ్చిన ఈ రెండు సినిమాలనూ లింగంపేట వైపు నుంచి చూస్తే ఒకే కథను ఇద్దరు చెప్పినట్టు ఉంటుంది.

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి వెళ్లే దారిలో లింగంపేట ఉంది. మండల కేంద్రం. 2016 అక్టోబరు దాకా నిజామాబాద్ జిల్లా, ఆ తర్వాత కామారెడ్డి జిల్లా. రైలు లేదు. నాగన్న బావి అని ఓ పాత మెట్లబావి ఉంది. ఏళ్ల తరబడి పాడుబడిన దాన్ని ఈమధ్యే బాగుచేశారు. ఈ చుట్టుపక్కల పల్లెల్లో మధ్యాహ్నం పూట టీవీలో వచ్చే పాత సినిమాకు అసలైన ప్రేక్షకులెవరో తెలుసా? బీడీలు చుట్టే ఆడవాళ్లు. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. కళ్లు తెర మీద, వేళ్లు ఆకు మీద. వేళ్లు వాటంతటవే కత్తిరిస్తాయి, చుడతాయి, దారం కడతాయి. కథ తెలిసిన సినిమా అయితే ఇంకా మంచిది. తలెత్తి చూడకపోయినా ఏం జరుగుతోందో తెలుస్తుంది.

అలాంటి సినిమాల్లో ముందు వరసలో ఉండేది ‘మల్లీశ్వరి’. 1951 డిసెంబరులో విడుదలైంది. తీసింది బి.ఎన్.రెడ్డి. భానుమతి, ఎన్టీఆర్. సాలూరి రాజేశ్వరరావు సంగీతం. దేవులపల్లి కృష్ణశాస్త్రికి అదే మొదటి సినిమా. ఇవన్నీ సినిమా పుస్తకాల్లో దొరికే సంగతులు. పాటల గురించి ఇప్పటికే చాలామంది రాశారు, ఇంకా రాస్తారు. ఇక్కడ మాట్లాడుకోవాల్సింది పాటల గురించి కాదు, పల్లకి గురించి.

నవ్వులాటకు అన్న మాట

కథ గుర్తుందిగా? నాగరాజు, మల్లి బావామరదళ్లు. సంతకు వెళ్లి బండి మీద తిరిగొస్తుంటే వాన పట్టుకుంటుంది. దారిలో పాత మండపంలో తలదాచుకుంటారు. అక్కడికే మారువేషంలో శ్రీకృష్ణదేవరాయలు, వెంట అల్లసాని పెద్దన వస్తారు. (ఆ పెద్దన వేషం వేసింది రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు. పిల్లల కార్యక్రమాలతో ఇంటింటికీ తెలిసిన మనిషి.) మల్లి ఆటపాటకు రాయలు మురిసిపోతాడు. ఎదుట ఉన్నది ఎవరో తెలియని నాగరాజు, రాయలవారితో చెప్పి మా మల్లికి పల్లకి పంపించండి అని నవ్వులాటకు అంటాడు. కుర్రతనం. అంతే. మరదల్ని ఆటపట్టించడానికి అన్న మాట.

పల్లకి నిజంగానే వస్తుంది.

అది ఏడుపు సన్నివేశంలా మొదలుకాదు. నగలు, కానుకలతో ఇంటి ముందు దిగుతుంది. రాణివాసానికి పిలుపంటే పల్లెటూళ్లో అంతకన్నా గౌరవం ఏముంది? మల్లి తల్లి నాగమ్మగా ఋష్యేంద్రమణి ఆ సంబరాన్ని దాచుకోలేని తీరు చూడాల్సిందే. ఆమెను గయ్యాళి కింద కొట్టిపారేయడం తేలిక. కానీ జీవితమంతా లెక్కపెట్టుకుని బతికిన మనిషి ముందు ఒక్కసారిగా అంత బంగారం పోస్తే ఏం చేస్తుంది? వద్దని చెప్పే వీలు ఆ ఇంటికి ఉందా? మహారాజు పంపిన పల్లకిని వెనక్కి పంపిన ఇల్లు ఎక్కడైనా ఉంటుందా? ఆ సమయంలో మల్లిని మాత్రం ఎవరూ ఏమీ అడగరు. రాజూ అడగడు, తల్లీ అడగదు. బావ అడగడానికి ఊళ్లో లేడు.

బావ ఎందుకు లేడు? డబ్బు సంపాదించుకు రమ్మన్నారు కాబట్టి. చేతిలో నాలుగు రాళ్లు లేనివాడికి పిల్లనివ్వనని నాగమ్మ తేల్చి చెప్పింది. శిల్పం చెక్కే విద్య ఉంది కదా అని ఊరు విడిచి వెళ్తాడు. సంపాదిస్తాడు. తిరిగొస్తాడు. వచ్చేసరికి మల్లి ఉండదు.

ఈ ముక్క దగ్గరే లింగంపేట లాంటి ఊళ్లు సినిమాను తమదిగా చేసుకుంటాయి. నిజామాబాద్, కామారెడ్డి ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్లడం దశాబ్దాలుగా సాగుతున్న సంగతే. మస్కట్ వెళ్లినా, సౌదీ వెళ్లినా ఊళ్లో మాత్రం ‘దుబాయ్ పోయిండు’ అనే అంటారు. అక్క పెళ్లి అప్పు తీర్చడానికి ఒకరు, బోరు వేసి నీళ్లు పడక మునిగినవాళ్లు ఒకరు, ఇల్లు కట్టుకుందామని ఒకరు. ఏజెంటుకు కట్టడానికి మళ్లీ అప్పు. రెండేళ్లలో వస్తానన్నవాడు ఐదేళ్లకు వస్తాడు. వచ్చేసరికి తల్లి పోయి ఉంటుంది. లేదా చంకలో వదిలి వెళ్లిన బిడ్డ, ఎవరీయన అన్నట్టు తలుపు వెనక నుంచి చూస్తుంది. డబ్బు మూటతో ఊళ్లోకి అడుగుపెట్టిన నాగరాజు మొహంలో ఎన్టీఆర్ చూపించిన ఆ తెల్లబోవడం... దాన్ని నటన అనుకుని చూసేవాళ్లు వేరు, ఎరుకతో చూసేవాళ్లు వేరు.

ఇంకా ఒక సంగతి ఉంది. వీసా కాగితం ఇంటికొచ్చిన రోజూ ఏడుపు ఉండదు. చుట్టాలు వస్తారు, కోడి కోస్తారు. అదృష్టం తలుపు తట్టిందంటారు. నాగమ్మ ఇంటి ముందు పల్లకి దిగిన రోజు ఎంత సంబరమో, ఇదీ అంతే.

రాజు మంచివాడే కానీ...

బి.ఎన్.రెడ్డి గొప్పతనం ఎక్కడుందంటే, ఈ కథలో ఆయన దుర్మార్గుణ్ని పెట్టలేదు. రాయలు మంచివాడు. మల్లి మీద చెడు చూపు లేదు. ఆ పిల్ల విద్యకు ఇచ్చే మర్యాద అనుకునే పల్లకి పంపాడు. మంచివాడు మర్యాదగా పంపిన పల్లకే పిల్లకు చెర అయింది. లోపలికి వెళ్లాక బయటికి రావడానికి లేదు. మగవాడు లోపల అడుగుపెడితే మరణశిక్ష. అది రాజు కోపం వల్ల పుట్టిన శిక్ష కాదు, రాణివాసపు రివాజు. అంటే మనుషులు ఎంత మంచివాళ్లయినా కట్టడి తన పని తాను చేసుకుపోతుందన్నమాట. ఆఖర్న రాయలు క్షమించడంతో కథ సుఖంగా ముగుస్తుంది. చూసేవాళ్లకూ ఊపిరి అందుతుంది. అయితే ఒక ప్రశ్న మిగిలే ఉంటుంది. ఆ రాణివాసంలోని మిగతా అమ్మాయిల మాటేమిటి? వాళ్ల బావలెవరూ మారువేషంలో ఉన్న రాజును దారిలో కలవలేదు కదా!

ఆ మిగతా అమ్మాయిల కథ చెప్పడానికి మరో నరసింహుడు రావాల్సి వచ్చింది. బి.ఎన్.రెడ్డి పూర్తి పేరు బొమ్మిరెడ్డి నరసింహారెడ్డి. కడప జిల్లా మనిషి. రెండో ఆయన బి.నర్సింగరావు. గజ్వేల్ దగ్గరి ప్రజ్ఞాపూర్‌లో భూస్వాముల ఇంట పుట్టి, గడీల బతుకును దగ్గరి నుంచి ఎరిగినవారు. ఆయన 1988లో తీసిన సినిమా ‘దాసి’.

ఇక్కడ ఆడబాప అనే మాట చెప్పుకోవాలి. ఈ తరం పిల్లలకు తెలియకపోవచ్చు. తెలంగాణలో దొర బిడ్డకు పెళ్లి చేసి అత్తారింటికి పంపేటప్పుడు నగలు, పశువులతో పాటు ఒక పిల్లనూ పంపేవారు. ఆమే ఆడబాప. దొరసానికి నలుగు పెట్టడం, నీళ్లు తోడటం, తల దువ్వడం పగటి పనులు. రాత్రి దొర పిలిస్తే వెళ్లాలి. దొర ఇంటికొచ్చిన చుట్టం పిలిచినా వెళ్లాలి. జీతం లేదు, పెళ్లి లేదు. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ నవలలోనూ ఈ ఆడబాపల బతుకు కనిపిస్తుంది.

‘దాసి’లో ఆమె పేరు కమలాక్షి. కాలం 1920ల నాటిది. గడి లోపలే దాదాపు సినిమా అంతా. పొద్దున్నే లేస్తుంది, ఊడుస్తుంది, మోస్తుంది, కడుగుతుంది. మాటలు చాలా తక్కువ. మాట్లాడాల్సిన అవసరం ఆమెకు ఎవరూ కల్పించరు. పిలుపు వస్తే పలకడం, అంతే. కడుపు పండినప్పుడు ఆ బిడ్డను కనాలా వద్దా అన్నదీ ఆమె చేతిలో ఉండదు. గర్భం తీసేయిస్తారు. కన్నీళ్ల సంగీతం లేదు. పగ తీర్చుకునే క్లైమాక్స్ లేదు. అందుకే కొందరికి విసుగు పుట్టిస్తుంది. నిజమే, నిదానంగా నడిచే సినిమా. కానీ ఆ నిదానం గడిలో గడిచే రోజుది. కమలాక్షికి తొందరగా గడవని పగటిని ప్రేక్షకుడికి మాత్రం తొందరగా ఎందుకు దాటించాలి?

కమలాక్షిగా నటించిన అర్చనకు జాతీయ ఉత్తమ నటి పురస్కారం వచ్చింది. అంతకు ముందు ఏడాదే బాలు మహేంద్ర తమిళ సినిమా ‘వీడు’కు కూడా ఆమెకే వచ్చింది. వరసగా రెండేళ్లు! ‘దాసి’కి మొత్తం అయిదు జాతీయ అవార్డులు. ఉత్తమ తెలుగు చిత్రం, ఛాయాగ్రహణానికి ఎ.కె.బీర్, దుస్తులకు సుదర్శన్, కళా దర్శకత్వానికి తోట వైకుంఠం. పెద్దబొట్టు, పసుపు పూసుకున్న మొహం, ముదురురంగు చీరలతో తెలంగాణ ఆడవాళ్లను బొమ్మలుగా గీసి పేరు తెచ్చుకున్న ఆ వైకుంఠమే. ఆయన బొమ్మల్లో రంగులతో వెలిగే ఆడవాళ్లను ఎరిగినవాళ్లు, ‘దాసి’లోని గడి గోడల మసకను చూస్తే ఇద్దరూ ఒకరేనా అనుకుంటారు.

మా మాట తెర మీద

ఇన్ని అవార్డులు వచ్చినా ఊళ్లకు ‘దాసి’ వచ్చిందా అంటే, సినిమా హాలుకైతే రాలేదనే చెప్పాలి. ‘మల్లీశ్వరి’ లాంటివి టాకీసుల్లో, టూరింగు డేరాల్లో, ఆ తర్వాత వీడియో క్యాసెట్లలో, టీవీ చానళ్లలో మళ్లీ మళ్లీ వచ్చాయి. ‘దాసి’ లాంటి వాటికి అప్పట్లో పల్లెలోకి ఉన్న దారి దూరదర్శన్ ఒక్కటే. ఆదివారం మధ్యాహ్నం ప్రాంతీయ భాషల అవార్డు సినిమాలు వేసేవారు. చాలామంది ఆ సమయానికి టీవీ కట్టేసి కునుకు తీసేవారు కూడా.

దీనికి ముందు ‘మా భూమి’ దారి వేరు. 1980 మార్చిలో విడుదలైన ఆ సినిమాను గౌతమ్ ఘోష్ తీశారు. నిర్మాతల్లో నర్సింగరావు ఒకరు. కిషన్ చందర్ ఉర్దూ నవల దానికి ఆధారం. అది జనంలోకి బాగా వెళ్లింది. అందులో రామయ్య ప్రేమించిన చంద్రికీ గడి నుంచి పిలుపు వస్తుంది. వెళ్లక తప్పదు. అది తెలిసిన రామయ్య కోపం మొదట ఎవరి మీదికి వెళ్తుందో గమనించండి. దొర మీదికి కాదు, ఆమె మీదికి. ఆ కోపం సరైన చోటికి తిరగడానికి అతనికి పట్నం, కార్మికుల సావాసం, కొన్నేళ్ల కాలం పట్టింది. ఊళ్లలో ఇప్పటికీ ఏదైనా జరగరానిది జరిగితే ముందు నిలదీసేది ఆడపిల్లనే. ‘మా భూమి’ పోరాటం సినిమాగానే గుర్తుండిపోయింది కానీ, ఈ చిన్న సంగతి కోసమైనా ఇంకోసారి చూడొచ్చు.

భాష సంగతీ ఉంది. ‘బాంచెన్’ అన్న మాట తెలుగు తెర మీద చాలాకాలం నవ్వు పుట్టించడానికే వాడారు. తెలంగాణ యాస అంటే హాస్యగాడికో, రౌడీకో రాసిపెట్టి ఉండేది. కథానాయిక మాత్రం కృష్ణా, గుంటూరు మాటే మాట్లాడాలి. ‘మా భూమి’, ‘దాసి’ల్లో ఆ యాసతోనే మనుషులు ఏడ్చారు, భయపడ్డారు, ప్రేమించుకున్నారు. లింగంపేట వాళ్లకు అది కొత్త అనుభవం. అమ్మమ్మ మాట్లాడినట్టు తెర మీద ఒకామె మాట్లాడుతోంది, ఎవరూ నవ్వడం లేదు!

గడీల కాలం పోయింది. దోమకొండ గడికోటను బాగుచేసినందుకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం కూడా వచ్చింది. రాళ్లను నిలబెట్టుకోవడం మంచిదే. అయితే ఏ ప్రాంతపు గడి చరిత్ర తీసినా కట్టించినవారి పేరు, ఏలినవారి పేరు దొరుకుతాయి. లోపల నీళ్లు తోడిన ఆడబాప పేరు దొరకదు. పెద్దవాళ్ల నోట ‘ఫలానా ఇంట్ల ఒకామె ఉండె’ అన్నంత వరకే వినిపిస్తుంది. ఆ ‘ఒకామె’కు కమలాక్షి అని పేరుపెట్టి, ఆమె పొద్దంతా ఏం చేసేదో చూపించినందుకే ‘దాసి’ని దాచుకోవాలి.

అలాగని ‘మల్లీశ్వరి’ని తక్కువ చేయనక్కర్లేదు. ‘దాసి’ చూశాక మళ్లీ ‘మల్లీశ్వరి’ పెట్టుకుంటే, పల్లకి దిగే సన్నివేశం దగ్గర భానుమతి మొహం కొత్తగా కనిపిస్తుంది. ఆ కళ్లలో ఉన్నది సిగ్గో, ఆశ్చర్యమో అని ఇన్నాళ్లూ అనుకున్నవాళ్లకు భయం కూడా కనిపిస్తుంది. బి.ఎన్.రెడ్డికి అన్నీ తెలుసు. మెత్తగా చెప్పారంతే.

రెండూ ఒకే రోజు చూడొద్దు. ‘మల్లీశ్వరి’ ఈ ఆదివారం ఇంటిల్లిపాదీ కూర్చుని చూసేయొచ్చు, పాటలు వచ్చినప్పుడు పెద్దవాళ్లు గొంతు కలుపుతారు. ‘దాసి’ మాత్రం వచ్చే వారానికి ఉంచుకోండి. పిల్లలు నిద్రపోయాక, ఇంట్లో నానమ్మో అమ్మమ్మో ఉంటే వాళ్ల పక్కన కూర్చుని చూడండి. మధ్యలో ఆమె ఏదైనా చెప్పడం మొదలుపెడితే సినిమా ఆపేయండి. తర్వాత చూసుకోవచ్చు.